బొమ్మకు చెమట పట్టదు

ముందు నడుము పట్టీలు, తర్వాత కాళ్ళ మధ్య నుంచి వచ్చేవి, ఆఖరున భుజాలవి. అన్నీ పొట్ట మీద ఉన్న గుండ్రటి బిళ్ళలోకి వచ్చి టక్కుమనాలి. ఆ చప్పుడు విని, పట్టీని ఒకసారి లాగి చూసుకున్నాకనే పెంచల్ చెయ్యి తీస్తాడు.

గంటల తరబడి సాగే రేసుల్లో ఒకే కారును ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. బయట టైర్లు మార్చి పెట్రోలు పోసేలోగా ఒకడు దిగాలి, ఇంకొకడు ఎక్కాలి. ఎక్కేవాణ్ణి సీటుకు బిగించి, హెల్మెట్టుకు రేడియో వైరు, నీళ్ళ గొట్టం తగిలించి, తలుపు వేసేందుకు ఒక మనిషి ఉంటాడు. కారు యజమాని బదర్ అమెరికా పందేలకు వెళ్ళినప్పుడు ఆ పని అక్కడివాళ్ళు చేస్తారు. ఇక్కడ అరబ్బు దేశంలో, షుఐబా దారిలోని ఈ షెడ్డులో, బదర్ సాధన చేసే రోజుల్లో పెంచల్ చేస్తాడు.

ఈవేళ సీట్లో ఉన్నది బదర్ కాదు. షెడ్డులో టైర్లు చూసే బాలకిషన్.

"పెండ్లినాడు గూడ గింత ఖరీదు బట్టలు తొడుగలేదన్నా," అన్నాడు బాలకిషన్, హెల్మెట్టు లోపలి నుంచి. మంటకు కాలని మూడు పొరల చొక్కా, లాగు, చేతులకు తొడుగులు. లోపల సన్నని గొట్టాలు కుట్టిన బనియను; దాంట్లో ఒక పంపు చల్లటి నీళ్ళు తిప్పుతుంటుంది. బిగించక ముందే బొటనవేలు పైకెత్తి ఫొటో దిగి, జగిత్యాలలో ఉన్న భార్య గంగామణికి పంపాడు. "ఏమన్నదో ఎరికేనా? గా కారు మనదేనా అన్నది."

"నువ్వేమన్నావు?"

"ఇంకో రెండు కిస్తీలున్నయన్న."

పెంచల్ నవ్వుతూ నీళ్ళ గొట్టాన్ని హెల్మెట్టులోకి దూర్చాడు. బాలకిషన్ తల పక్కకు తిప్పుకున్నాడు.

"గిది సేఠ్ నోట్ల పెట్టుకునేది గదన్నా. ఆయన ఎంగిలి నేను తాగాల్నా? జెర గట్ల పక్కకు పెట్టు. దిగినంక తాగుత."

పెంచల్‌కు ఆ మాట సబబుగానే తోచింది. గొట్టాన్ని గడ్డం కిందికి జరిపాడు.

షెడ్డు వెనక వాకిలంతా కాంక్రీటు. చుట్టూ మనిషికి రెండింతలెత్తు గోడ. మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టిన నెలలు అవి. గోడ అవతలి రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. కారు వాకిలి నడుమ ఎండలో ఉంది, ఇంజను నడుస్తోంది. షెడ్డు నీడలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని సూర్యకిరణ్ కూర్చున్నాడు. బదర్ జట్టు ఇంజనీరు అతనే. కుటుంబంతో ఫర్వానియాలో ఉంటాడు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"సార్, మాపటేల పెట్టుకుందామా? ఎండ దిగినాక?" అన్నాడు పెంచల్ దగ్గరకు వెళ్ళి.

"సాయంత్రమైతే వేడి ఎక్కణ్ణుంచి తెస్తాం పెంచల్? అమెరికా పందేల రూలు ప్రకారం కారు లోపల వేడి హద్దు దాటితే డ్రైవర్‌ని దించేయాలి. పంపు ఆగిపోతే మనిషి ఎంతసేపు తట్టుకోగలడో తెలిస్తే, రేసులో ఎప్పుడు దించాలో తెలుస్తుంది. వచ్చే నెల బదర్‌తో నడిపే అమెరికా అతన్ని అడిగాం. తన ఒప్పందంలో అలాంటి పని లేదన్నాడు."

"బొమ్మను పెట్టొచ్చు కదా సార్. అంగట్లో బట్టలకు పెడతారే, అట్లాంటిది."

"అదీ ఆలోచించాను. బొమ్మకు చెమట పట్టదు."

పెంచల్ మళ్ళీ కారు దగ్గరకు వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందన్నా, నీ మొకం గట్లయింది? నేనేమన్న సచ్చిపోతన్ననా?" అన్నాడు బాలకిషన్.

పెంచల్ హెల్మెట్టు మీద ఒక్కటి చరిచాడు. "ఆ మాట పలకద్దు. పైన తథాస్తు దేవతలుంటారు. నోట్లోంచి ఏది వస్తే దానికి తథాస్తు అంటారు."

"ఈ ఎడారిల గూడ ఉంటరా మీ దేవతలు? వాళ్ళకు ఈడ ఉండనీకె ఇఖామా ఎవలిచ్చిండ్రన్నా?"

పెంచల్ తలుపు వేశాడు.

మొదట్లో రేడియోలో బాలకిషన్ గొంతు హుషారుగానే వచ్చింది. సూర్యకిరణ్ అడిగినప్పుడల్లా "ఓకే సార్, యల్లా సార్" అన్నాడు. కారు అద్దాల మీద ఎండ నిలబడి చూడనివ్వడం లేదు. పెంచల్ నీడ అంచున నిలుచుని, లోపల హెల్మెట్టు కదులుతోందా లేదా అని కన్ను చికిలించి చూస్తున్నాడు. కాసేపటికి సూర్యకిరణ్ రేడియోలో చెప్పి పంపు ఆపించాడు. మరి కాసేపటికి రేడియోలో ఒక మాట వినిపించింది.

"బర్రెలకు నీళ్ళు పెట్టినవా?"

సూర్యకిరణ్ నవ్వాడు. "ఏంటి బాలకిషన్, జోకులా?"

"తొట్టి ఎండింది. పొద్దుగాలటి సంది దూపకున్నయి. లే, పెట్టుపో."

అది జోకు చెప్పే గొంతు కాదు. పెళ్ళాంతో ఇంట్లో మాట్లాడే గొంతు. పెంచల్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. తలుపు పిడి చేతికి అంటుకున్నట్టు కాలింది. బిళ్ళ తిప్పితే పట్టీలన్నీ ఒకేసారి ఊడాయి. హెల్మెట్టు తీస్తే బాలకిషన్ ముఖం ఎర్రగా, పొడిగా ఉంది. చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ పెంచల్‌ని చూడడం లేదు.

పెంచల్ చంకల కింద చేతులు వేసి లాగి, నీడలో పడుకోబెట్టి, నల్లా గొట్టం తెచ్చి తల మీద నీళ్ళు వదిలాడు. గొట్టంలో ముందు వచ్చిన నీళ్ళు కూడా వేడివే.

మర్నాడు సాయంత్రం ఆస్పత్రి వార్డు బయట గంగారత్నం అనే నర్సు పెంచల్‌ని పక్కకు పిలిచింది. అమలాపురం దగ్గరి మనిషి. మాస్కు కిందికి దించుకుని నెమ్మదిగా చెప్పింది.

"మీరేనా అండి ఆయన తాలూకు? చూడండి, ప్రాణానికి గండం తప్పింది. కానీ వేడికి కండలు కరిగిపోయి ఆ చెత్తంతా కిడ్నీల్లోకి దిగిపోయిందండి. రెండూ పనిచెయ్యట్లేదు. ఒంట్లో నీరు కూడా దిగట్లేదు."

"అంటే అమ్మా..."

"మిషను మీద రక్తం కడుగుతున్నాం కదండీ. రోజు విడిచి రోజు అది పడాలి. అలా రెండు మూడు నెలలు జాగ్రత్తగా చూస్తే కిడ్నీలు మళ్ళీ తిరుగుముఖం పట్టొచ్చు, కుర్రాడే కదా. మధ్యలో మానేస్తే మాత్రం వారం కూడా అనుమానమేనండి. డాక్టరుగారు ఇంగ్లీషులో చెప్పారు. ఈయనేమో యెస్ యెస్ అని తలూపాడు. అర్థమైనట్టు లేదు. నేను చెప్పనా?"

"వద్దమ్మా, వద్దు," అన్నాడు పెంచల్ గబుక్కున. "నేను చెప్తా. నెమ్మదిగా చెప్తా. మీరేమీ అనద్దండి."

"తొందరగా చెప్పండి మరి. తిండీ నీళ్ళూ అన్నీ కొలతే ఆయనకి."

పెంచల్ లోపలికి వెళ్ళాడు. బాలకిషన్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడ దగ్గర గొట్టం గుచ్చి పైన పట్టీ వేశారు. కళ్ళ కింద ఉబ్బింది.

"అన్నా, ఏమంటున్నరు నన్ను?"

కిటికీ అవతల పొద్దు వాలుతోంది. సంధ్యవేళ. ఇంట్లో అయితే ఈ వేళకు పెంచల్ వాళ్ళమ్మ దీపం పెట్టి, ఎవరినీ గొంతెత్తి మాట్లాడనిచ్చేది కాదు. మంచం మీద ఉన్న మనిషి ముఖాన నీ కిడ్నీలు పోయినాయని ఎట్లా అనడం? అన్నాక పైనున్నవాళ్ళు సరే అంటే?

"ఏమంటారు? ఏం కాలేదు. ఎండదెబ్బ. మా పక్కన మామిడితోటల్లో పడిపోయేవాళ్ళు లేరా? రొంత నెత్తురు పాడైందంట. కడుగుతాండారు."

"గా మిషను?"

"ఎండదెబ్బకు అందరికీ పెడతారంట."

బాలకిషన్ ఊపిరి వదిలాడు. "నాకు పానం పోతదేమో అనిపించిందన్నా. పక్క మంచపాయన నన్ను చూసి చేతులిట్ల తిప్పిండు." కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "సార్ ఏమన్నడు? బదర్ సేఠ్‌కంటె ఎక్కువసేపు కూసున్ననా?"

"కూర్చున్నావు."

"గా అమెరికాయనకంటె?"

"ఆయన కూర్చోనే లేదు కదప్పా."

"అయితే గెలిచినట్టే," అని బాలకిషన్ నవ్వబోయి, పెదవి పగలడంతో ఆపాడు.

తర్వాతి రోజు కూడా పెంచల్ చెప్పలేదు. మిషను నుంచి వచ్చి నీరసంగా పడుకున్నాడని ఒకసారి ఆగాడు. గంగామణితో ఫోన్లో మాట్లాడుతున్నాడని ఇంకోసారి ఆగాడు. గంగారత్నం ఎదురుపడి "చెప్పారా?" అన్నప్పుడల్లా "ఈ పూట చెప్తానమ్మా" అన్నాడు.

ఆ రాత్రి సూర్యకిరణ్ ఖైతాన్‌లో పెంచల్ ఉండే గదికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరక ముందే మంచం అంచున కూర్చున్నాడు. గోడకు పెనుశిల నరసింహస్వామి పటం, దాని ముందు కరెంటు దీపం చూసి చెప్పులు విడిచాడు.

"పెంచల్, ఆస్పత్రి వాళ్ళు ఠాణాకు చెప్పారు. ఎల్లుండి ఒక అధికారి వస్తాడు. పనిలో జరిగిందని రాస్తే షెడ్డుకు, కారుకు సీలు పడుతుంది. బదర్ వచ్చే నెల రేసు పోతుంది. ఆ తర్వాత మనల్ని ఎందుకు ఉంచుకుంటాడు?"

"ఏం చెప్పమంటారు సార్?"

"బాలకిషన్ సరదాకు ఆ బట్టలు వేసుకుని, ఫొటో దిగడానికి కార్లో కూర్చున్నాడు. మనం భోజనానికి వెళ్ళాం. వచ్చేసరికి పడిపోయి ఉన్నాడు. ఫొటో ఉండనే ఉంది, నవ్వుతూ. నీళ్ళ సీసా నిండుగానే ఉంది. నీళ్ళివ్వలేదని కూడా ఎవరూ అనలేరు."

"అట్లయితే ఆయనకు ఏమవుతుంది?"

"తప్పు తనదవుతుంది. పంపించేస్తారు. ఇంటికి చేరతాడు కదా."

"పనిలో దెబ్బ తగిలిందని రాస్తే?"

"వైద్యం అయ్యేదాకా ఇక్కడే ఉంచాలి. కఫీల్, అంటే బదర్, ఖర్చంతా భరించాలి." సూర్యకిరణ్ లేచాడు. "నీ ఇఖామా గడువు కూడా వచ్చే నెలే తీరుతుంది కదా. బెదిరించడం లేదు. నాకూ ఇద్దరు పిల్లలు. పంపు ఆపమన్నది నేను. తెలుసు నాకు."

అతను వెళ్ళాక పెంచల్ పటం ముందు కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. రోజూ చెప్పుకునే నాలుగు శ్లోకాలు చెప్పుకున్నాడు కానీ నాలుక చెబుతుంటే మనసు వేరేచోట ఉంది. సామీ, చెడ్డమాట పలికితే జరుగుతుందని మాయమ్మ చెప్పింది. ఇన్నేండ్లు నోరు కట్టుకున్నాను. జరిగిపోయినదాన్ని పలక్కుండా ఉంటే మాత్రం అది లేకుండా పోతుందా? పటంలో స్వామి నోరు తెరుచుకునే ఉన్నాడు. ఆ సంగతి పెంచల్ అంతవరకూ అంత శ్రద్ధగా గమనించలేదు.

అధికారికి నిజం చెప్పాలని నిశ్చయించుకున్నాడు. ఇఖామా పోతే పోనీ. బాలకిషన్‌ను ఇక్కడే ఉంచి, మిషను తప్పకుండా, కిడ్నీలు తిరిగి వచ్చేదాకా వైద్యం చేయిస్తే చాలు. ఇక చేదుమాట బాలకిషన్‌తో అనాల్సిన అవసరమే రాదేమో అన్న ఆశ కూడా ఆ నిశ్చయంలో ఒక మూల ఉంది.

అధికారి వచ్చిన రోజు పెంచల్ ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. అధికారి చిన్నవాడే, మర్యాదస్తుడు. హిందీ తెలిసిన ఒక కానిస్టేబుల్‌ని వెంట తెచ్చాడు. సూర్యకిరణ్ మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు. బాలకిషన్ క్షవరం చేయించుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. ముఖం ఇంకా ఉబ్బే ఉంది కానీ పండగ కళ ఉంది.

ముందు పెంచల్‌ని అడిగారు. పెంచల్ తనకు వచ్చిన హిందీలో చెప్పాడు. నేనే కూర్చోబెట్టాను. నేనే పట్టీలు బిగించాను. సార్ చెబితే బిగించాను. ఎండలో పెట్టారు. పంపు ఆపారు. మాట తడబడలేదు. సూర్యకిరణ్ అడ్డు రాలేదు. కానిస్టేబుల్ అరబ్బీలోకి తిప్పి చెప్పాడు. అధికారి తల పంకించి, సూర్యకిరణ్ అందించిన బాలకిషన్ ఫోన్లో ఫొటో చూశాడు. తర్వాత బాలకిషన్ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. వీళ్ళు కూర్చోబెట్టారా?"

"లేదు సాబ్," అన్నాడు బాలకిషన్. "నేనే కూసున్న. ఫొటో కోసం. గా బట్టలు నాకు మస్తు ఇష్టం. ఎవ్వలు చెప్పలే."

పెంచల్ అతని వైపు చూశాడు. బాలకిషన్ చూపు కలపలేదు.

"మరి ఇతను వేరే చెబుతున్నాడే?"

"పెంచలన్న మంచోడు సాబ్. నా మీద పానం. నాకు మేలు చేద్దామని గట్ల చెప్తున్నడు."

కానిస్టేబుల్ అది తిప్పి చెప్పాక అధికారి పెంచల్‌ని ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో. "ఖలాస్," అని లేచాడు. కాగితం మీద బాలకిషన్ సంతకం చేశాడు. సూర్యకిరణ్ వాళ్ళ వెనకే బయటికి వెళ్ళాడు.

"ఏందబ్బా నువ్వు చేసింది?" అన్నాడు పెంచల్.

"కోపం చెయ్యకే. కూసో." బాలకిషన్ అతని చెయ్యి పట్టి మంచం మీదికి లాగాడు. "పొద్దుగాల సార్ అచ్చిండు. గీ మాట చెప్తే టికెట్ కొనిస్తమన్నడు. ఎల్లుండే! మూడేండ్ల సంది సెలవు సెలవు అని కాళ్ళు మొక్కితె ఇచ్చిండ్రా? గిప్పుడు వాళ్ళే పంపుతున్నరు. పిల్లగాడు నన్ను గుర్తు వడతడో లేదో చూస్త. ఒంట్లె మంచిగైనంక మళ్ళ పిలుస్తరట."

"పిలవరు. తప్పు నీదని రాసుకున్నారు."

"పిలువకుంటె మాయె. ఆడనే బతుకుత. నీ మాట అబద్ధం చేసిన, గది తప్పే. కని ఆలోచించు. గిక్కడ ఉండి ఏం చేద్దును? నాకేమైంది గనుక? నువ్వే చెప్తివి గద ఏం గాలేదని."

పెంచల్ నోరు తెరిచాడు.

"డాక్టర్లు ఇంగ్లీషుల ఏమన్న అననీ. నర్సమ్మ నన్ను చూసినప్పుడల్ల గుడ్లల్ల నీళ్ళు తీసుకుంటది. నాకు భయమైతుండె. నువ్వు ఏం గాలేదన్నంకనే నిద్ర వట్టింది. నువ్వు సామి మనిషివి, అబద్ధమాడవు గద." అంటూనే బాలకిషన్ ఫోను తీసి నంబరు నొక్కాడు. "గంగామణికి చెప్త ఆగు. పొద్దుగాలటి సంది నొక్కుతున్న, ఎత్తుత లేదు. పొలం కాడ ఉన్నట్టుంది... ఆఁ, హలో! ఏడున్నవే? ఎల్లుండి అత్తన్న. ఔ, నిజంగనే! సేఠే పంపుతున్నడు. ఏడ్వకు, ఏడ్వకే. మంచిగున్న. కోడిని కొయ్యి, గట్టిగ తింట. నమ్ముతలేవా? ఇగో, పెంచలన్న ఉన్నడు, ఆయన్నే అడుగు." ఫోను పెంచల్ చేతిలో పెట్టాడు. "చెప్పన్నా. మంచిగున్నడని చెప్పు. నేను చెప్తే నమ్ముతలేదు."

ఫోను వెచ్చగా ఉంది. అవతల గేదె మెడలో గంట, గాలి, ఒక ఆడమనిషి ముక్కు ఎగబీల్చుకోవడం వినబడ్డాయి.

"పెంచలన్నా, దండాలే. మా ఆయన నిజంగ మంచిగున్నడా? నిన్న దవాఖానల దిగి పంపిన ఫొటోల మొకం ఉబ్బినట్టున్నది."

కిటికీలో వెలుతురు తగ్గుతోంది. వార్డులో ఇంకా దీపాలు వేయలేదు. బాలకిషన్ దిండు మీద మోచెయ్యి ఆనించి, ఆ ఒక్క మాట కోసం నవ్వుతూ చూస్తున్నాడు.

"అమ్మా గంగామణీ, నేను చెప్పేది జాగ్రత్తగా విను," అన్నాడు పెంచల్. "పక్కన ఎవరన్నా పెద్దోళ్ళుంటే పిలుచుకో. ఆయన దిగుతానే ఇంటికి తీసకపోవద్దు. నేరుగా పెద్దాస్పత్రికి తీసకపో. రక్తం కడిగే మిషనుండే చోటికి. ఒక్క పూట కూడా ఆలస్యం చేయద్దు. కిడ్నీలు రెండూ పనిచేయడం ల్యాదు తల్లీ. మిషను ఆపితే బతకడు."

అవతల గంట చప్పుడు ఆగింది. ఏడుపు కూడా ఆగింది.

ఇవతల బాలకిషన్ మోచెయ్యి దిండు మీద అట్లాగే ఉంది. ముఖం మీది నవ్వును ఇంకా తీసెయ్యలేదు.

"ఎవలి కిడ్నీలన్నా?" అన్నాడు.